మొదటి చెంచా ఎవరిది

పాలసీసా పీకకు సూదిమొనంత చిల్లుండాలి. ఇప్పుడు దాన్లోంచి ఆవగింజ బయటికొచ్చి, ఏదో మర్చిపోయి మళ్ళీ లోపలికి కూడా వెళ్ళొచ్చు.

సింధూజ ఆ పీకను వంటింటి కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చిల్లులోంచి ఎదురింటివాళ్ళ వాటర్ ట్యాంకు కనపడింది. పీకలోంచి తార్నాక కనపడటం మంచిది కాదు.

ఆస్పత్రి నుంచి వచ్చి గంట కూడా కాలేదు. తెల్లవారుజామున పాలు తాగుతూ తాగుతూ పాప ఏంజెల్‌కు పొలమారింది. ఊపిరందక పెదాలు నీలం తిరిగాయి. ఇంటిల్లిపాదీ చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తారు. డాక్టరమ్మ పాప ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విని, గండం గడిచిందని చెప్పి, ఆ తర్వాత ఒకే ఒక ప్రశ్న వేసింది.

“సీసాలో ఏం కలిపారు?”

వచ్చేటప్పుడు ఆటోలో నలుగురు పెద్దవాళ్ళూ ఆ ప్రశ్నను మధ్యలో కూర్చోబెట్టుకుని వచ్చారు.

“దీన్ని ఎవరు పెద్దగ చేసిన్రు?” అని అడిగింది సింధూజ. గొంతులో కోపం లేదు. స్టవ్ ఎవరు ఆపారని అడిగినట్టు అడిగింది.

అత్తగారు విజయకుమారి కుర్చీలో నిటారుగా కూర్చుంది. బాపట్లలో మిషన్ స్కూలు టీచరుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ‘ఎవరు చేశారో వాళ్ళే లేచి నిలబడండి’ అన్న వైపే ఉంది. అవతలి వైపు ఎలా ఉంటుందో ఆమెకు అలవాటు లేదు.

“నన్నెందుకు చూస్తున్నారు వదినగారూ?” అంది విజయకుమారి.

“మిమ్ముల నేనేడ చూస్తున్న? గోడ దిక్కు చూస్తున్న. నడుమ మీరు అడ్డమున్నరు,” అంది భూదేవి.

భూదేవి సింధూజ తల్లి. జనగామ దగ్గర పొలం పని చేసి చేసి, ఇప్పుడు రామంతాపూర్‌లో కొడుకు దివాకర్ దగ్గర ఉంటోంది. మనవరాలు పుట్టినప్పటి నుంచి మాత్రం సాయంత్రాలన్నీ కూతురింట్లోనే. నిన్న రాత్రి ఇక్కడే పడుకుండిపోయింది. పొద్దుటి సీసా విజయకుమారిది, సాయంత్రం సీసా భూదేవిది. ఇలా పంచుకోమని ఎవరూ చెప్పలేదు. రెండు దేశాల మధ్య సరిహద్దు పడినట్టు దానంతటదే పడింది.

సింధూజ సీసాను కూడా ఎత్తి చూసింది. రాత్రి కడగకుండా వదిలేసిన సీసా. అడుగున మట్టిరంగు పేరుకుని ఉంది. దానిమీద గోధుమరంగు పొర. జియాలజీ డిపార్ట్‌మెంటువాళ్ళు చూస్తే ఇందులో రెండు యుగాలున్నాయని చెప్పేవాళ్ళు.

“ఇది రాగిపిండి,” అంది. “ఇది బిస్కెట్.”

ఫ్రిజ్ ఒక్కటే కాసేపు గురగురలాడి, తనకెందుకులే అన్నట్టు ఊరుకుంది.

“రాగులేం విషమా?” భూదేవే ముందు తెగించింది. “ఏంచి, పట్టించి, పలుచటి గుడ్డల జల్లెడ పట్టి మరీ తెచ్చిన. రెండు చెంచాలేసిన. పిల్ల కడుపునిండ తాగి పండుకుంటదని.”

“చూశారా! నేను అనుకుంటూనే ఉన్నాను.”

“మరి బిస్కెట్ ఏడికెళ్ళి వచ్చింది వదినా? ఎగురుకుంట వచ్చి పడ్డదా?”

విజయకుమారి చీర కొంగు సర్దుకుంది. “ఒక్క బిస్కెట్టే. మెత్తగా పొడి చేసి. తల్లిపాలు తాగే పిల్లలైతే ఆగొచ్చు. డబ్బాపాల పిల్లలకి నాలుగో నెలకే ఏదో ఒకటి పడాలి. డబ్బాపాలు పలచన. మా బాపట్లలో ఎవర్నడిగినా చెప్తారు.”

“గంతే గద! నేను సుత గదే అనుకున్న,” అంది భూదేవి. శత్రువు నోట తన మాట వినపడేసరికి ఆమె గొంతులో దాదాపు సంతోషం పలికింది.

“పొడి దిగడం లేదని పీకకి కాస్త సూది కాల్చి పెట్టాను.”

“నేను సుత పెట్టిన. దిగుతలేదని.”

“పాలపొడి ఒక కొలత తగ్గించాను. మరీ చిక్కనైతే అరగదని.”

“అయ్యో, నేను సుత ఒకటి తక్కువేసిన.”

సింధూజ వింటూ నిలబడింది. నెలరోజులుగా పాప బరువు పెరగడం లేదు. రెండు రోజులకోసారి కూడా దొడ్డికి రాక ముఖం కందగడ్డలా చేసుకుని ముక్కుతోంది. అందుకు ఇంట్లో ఇంతవరకూ చెప్పుకున్న కారణాలు: పాలడబ్బా కంపెనీ, దిష్టి, సింధూజ లాప్‌టాప్. సింధూజ లాప్‌టాప్ ముందు కూర్చుంటే పాపకు మలబద్ధకం ఎందుకొస్తుందో ఎవరూ వివరించలేదు. ఆమె కూడా అడగలేదు.

ఆస్పత్రిలో దొరకని మందులు బయట కొనుక్కుని సింధూజ భర్త ఆరోన్ లోపలికొచ్చాడు. నల్లకుంటలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనమిక్స్ చెప్తాడు. మాటలన్నీ అక్కడే ఖర్చైపోతాయి కాబట్టి ఇంటికి ఖాళీగా వస్తాడు.

“ఏమైంది?” అన్నాడు.

“ఏం కాలేదు,” అంది అతని తల్లి.

“ఏం కాలె బిడ్డా,” అంది అతని అత్తగారు.

పెళ్ళైన దగ్గర్నుంచి వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం ఆరోన్ చూడలేదు. దాన్ని చెడగొట్టకూడదని వెంటనే స్నానానికి వెళ్ళిపోయాడు.

*

కాన్పు తర్వాత సింధూజకు జ్వరం తగిలింది. లోపల చీము పట్టిందని మళ్ళీ కోశారు. ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ పాపకు నర్సులు డబ్బాపాలు పట్టారు. ఆ తర్వాత అమ్మమ్మ, నాయనమ్మ, ఆరోన్, చివరికి కింది పోర్షన్ వాళ్ళమ్మాయి కూడా పట్టింది. సింధూజ ఇంటికొచ్చేసరికి పాలు ఎండిపోయాయి. సీసాకు ఫలానా చెయ్యే కావాలని ఉండదు. ఎవరు పట్టుకున్నా వంగుతుంది.

అప్పట్నుంచి ఆమెకు ఏదీ పూర్తిగా తగలడం లేదు. ల్యాబ్‌లో గ్లౌజు తొడుక్కుని పరీక్షనాళిక పట్టుకున్నట్టే పాపను పట్టుకుంటోంది. జారదు. వేడీ తెలియదు. ఆస్పత్రిలో పాప పెదాలు నీలంగా మారినప్పుడు కూడా ఆమె అరవలేదు. నర్సు అడిగినవాటికన్నిటికీ వరసగా, స్పష్టంగా జవాబులు చెప్పింది. ఆమె ఏడవకపోవడం అందరూ చూశారు. ఆమె కూడా చూసింది.

“అందుకే అంటున్నాను,” అంది విజయకుమారి ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర. “ఆదివారం ఎలీషా పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు. పాపకి అన్నం ముట్టిస్తాం. సోమవారం నేను తీసుకుని బాపట్ల వెళ్ళిపోతాను. అక్కడ మీ మామగారు ఒక్కరే వండుకు తింటున్నారు. అన్నం మొదలైతే డబ్బాపాలు ఎటూ మానిపించొచ్చు. నువ్వు నిమ్మళంగా థీసిస్ రాసుకో. మొన్న అడిగితే సరే అన్నావు కదా.”

భూదేవి చేతిలో ముద్ద అలాగే ఆగింది.

“సరే అన్నవా?”

“అన్న,” అంది సింధూజ.

“ఎందుకన్నవే?”

“అడిగితే అన్న.”

“అడిగితే అనుడేనా? రేపు నీ కిడ్నీ అడిగితే?”

సింధూజ ఆలోచించింది. ఎవరికి కావాలో ముందు తెలుసుకునేదేమో.

“పిల్లను గాడికి పంపుడేంది వదినా? తల్లి గీడుండంగ?” అని భూదేవి వియ్యపురాలి మీదికి తిరిగింది.

“తల్లి ఉంది వదినగారూ. నేను కాదనలేదు. ఉంది.” విజయకుమారి ఆ ‘ఉంది’ అన్న మాటను రెండోసారి చాలా మెల్లగా అంది. “పాప ఏడుస్తుంటే అటే చూస్తూ కూర్చుంటుంది. తిట్టను, కొట్టను. నాకు భయమేస్తుంది, అంతే. ఇక్కడ నేనొక్కదాన్నే ఎంతకాలం కాపలా కాయను?”

ఆ మాటలో కొంత నిజముంది. అందుకే భూదేవి ఆగిపోయిన ముద్దను నోట్లో పెట్టుకుంది. ఆరోన్ పెరుగు వేసుకున్నాడు.

డాక్టరమ్మ చెప్పినవి సింధూజ ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్ళు మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు ఆవిడ తనతో ఒక్కదానితోనే మాట్లాడింది. సీసాలో పాలు తప్ప ఇంకేం కలపొద్దు. డబ్బా మీద రాసిన కొలతకు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఏడాది దాకా ఆ పాలే అసలు తిండి, మానిపించొద్దు. పాప మెడ నిలుపుతోంది, ఆనించి కూర్చోబెడితే కూర్చుంటోంది, ఎవరైనా తింటుంటే నోటివంకే చూస్తోంది. ఆరు నెలలు నిండుతున్నాయి కాబట్టి ఒకటి రెండు రోజులు ఒట్టి పాలిచ్చి, తేరుకున్నాక చెంచాతో మొదలుపెట్టొచ్చు. మెత్తగా, పడుకోబెట్టకుండా, తొందరపెట్టకుండా. నాలుకతో బయటికి తోసేస్తే వద్దని కాదు, మింగడం ఇంకా రాదని అర్థం.

“కడుపు నింపడానికి కాదమ్మా ఇప్పుడు పెట్టేది, నోటికి నేర్పడానికి,” అంది డాక్టరమ్మ.

నేర్పడం. ఆ మాట ఒక్కటే సింధూజకు ఎక్కడో ఆనింది. సీసా ఎవరైనా పట్టొచ్చు. నేర్పేది ఒక్కరే అయ్యుండాలి, కనీసం మొదటిసారి.

“ఆదివారం మొదటి చెంచా ఎవరు పెడతరు?” అని అడిగింది.

ఇద్దరు పెద్దవాళ్ళూ తలెత్తారు. తెల్లవారుజాము తర్వాత సింధూజ వేసిన రెండో ప్రశ్న ఇది.

“పాస్టరుగారు ప్రార్థన చేసి చెయ్యేస్తారు. పాప నా ఒళ్ళో ఉంటుంది,” అంది విజయకుమారి.

“ముద్ద మాత్రం మేనమామ పెట్టాలె. మా దివాకర్,” అంది భూదేవి. “ఉంగరంతోని నాలుక మీద రాస్తడు. అదొక్కటి నేనిడువ.”

“పెట్టనివ్వండి వదినగారూ, నేనేం వద్దన్నానా?”

“మరి నేను?” అంది సింధూజ.

అన్నప్రాశనలో తల్లి ఎక్కడ కూర్చోవాలో రెండు మతాలూ ఆలోచించినట్టు లేదు.

“నీకెందుకు బిడ్డా ఆ తిప్పలు? పానం బాగలేనిదానివి,” అంది తల్లి.

“వచ్చినవాళ్ళకి కాఫీలు చూసుకోవాలి కదా,” అంది అత్తగారు.

“ఫోటోలు నువ్వు బాగా తీస్తావు,” అన్నాడు ఆరోన్ మెచ్చుకోలుగా.

*

శనివారం మధ్యాహ్నం సింధూజ పాపను గుండెకు కట్టుకునే సంచీలో వేసుకుని, క్యాంపస్‌లో భూమిక దగ్గరికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరింది. అబద్ధం కాదు. భుజాన వేలాడుతున్న సంచీలో ఒక ముక్క గుమ్మడికాయ ఉందని చెప్పలేదు, అంతే. ఎవరూ అడగలేదు కూడా. గుమ్మడికాయ పట్టుకుని పోతున్నావా అని ఎవరడుగుతారు?

భూమికా సింధూజా ఒకే గైడ్ దగ్గర బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. లేడీస్ హాస్టల్లో భూమిక మంచం కింద ఒక చిన్న రైస్‌కుక్కర్ ఉంది. గదుల్లో వండటం నిషిద్ధం. వార్డెన్ మేడమ్‌కు అది పాత స్పీకరని చెప్పింది. మేడమ్ నమ్మింది. ఆదివారాలు ఆ స్పీకర్‌లోంచి ఆవిడకు కూడా కొంచెం పులావు వెళ్తుంది.

“ల్యాబ్‌ల వాటర్ బాత్ ఉండంగ ఈ తిప్పలెందుకే?” అంది భూమిక, ముక్కలు కోస్తూ.

“దాంట్ల ఎలుకల లివర్లున్నయి.”

“మీ అత్తమ్మకు చెప్పు గది. బాపట్ల టికెట్ క్యాన్సిల్ చేస్తది.”

సింధూజ నవ్వాల్సిన చోటది అని గుర్తుపట్టి నవ్వింది.

గుమ్మడికాయ ఉడికింది. సింధూజ చేతులు మోచేతుల దాకా తోముకుంది. ముక్కలను చెంచా వెనకభాగంతో మెదిపి, జల్లెడలో వత్తి, పాపకు కలిపే పాలతోనే జారుగా చేసింది. ఎంత జారుగానంటే, చెంచా వంచితే మెల్లగా ఆలోచించుకుని పడేంత. పాపను భూమిక ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, వెనక దిండు ఆనించారు.

ఏంజెల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్న అభ్యర్థిలా ఉంది.

మొదటి చెంచా కొస పెదాలకు ఆనింది. పాప నోరు తెరిచింది, నాలుకతో మొత్తం బయటికి తోసేసింది. గుమ్మడికాయ గడ్డం మీదికి జారింది.

“వద్దంటున్నది,” అంది భూమిక.

“వద్దనట్లే. రాదంటున్నది.”

రెండోది కూడా అంతే. మూడోది సగం గౌను మెడ మీద పడింది. నాలుగోదానికి పాప అసలు పెదాలే విప్పలేదు. ముఖం తిప్పి, గోడకు అంటించిన పీరియాడిక్ టేబుల్ వైపు చూడసాగింది.

“నేనొకసారి పెట్టి చూడనా?” భూమిక చెయ్యి చాపింది.

“వద్దు.”

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, భూమిక చెయ్యి ఉలిక్కిపడి వెనక్కి వెళ్ళింది. సింధూజ కూడా ఎవరన్నారా అన్నట్టు చూసింది.

“సారీ,” అంది.

“సారీ ఎందుకు? మంచిగున్నది. ఇంకోసారి అను.”

సింధూజ చెంచా పక్కన పెట్టి కాసేపు ఆగింది. ఆ తర్వాత తన వేలికి కొంచెం రాసుకుని నాకింది. మెల్లగా, కనపడేలా మింగింది. పాప ఆ నోటివైపు చూసింది. మళ్ళీ చేసింది. పాప పెదాలు కూడా కదిలాయి. చెంచా వెళ్ళింది. నాలుక ముందుకొచ్చింది, ఆగింది, ఏదో సంశయించి వెనక్కి వెళ్ళింది.

గుటక పడింది.

ఏంజెల్ ముఖం సిలబస్‌లో లేని ప్రశ్న చూసినట్టయింది. కళ్ళు చిట్లించి, భుజాలు వణికించి, కాసేపు అన్యాయాన్ని తలుచుకుంది. ఆ తర్వాత నోరు తెరిచింది.

సింధూజ ఎదురుచూసింది. ఇప్పుడు ఏదో వస్తుంది. కళ్ళల్లోకి నీళ్ళో, గొంతులో అడ్డో, పుస్తకాల్లో రాస్తారే, అలాంటిదేదో. ఆమె నిజంగా ఆగి, దానికి చోటిచ్చింది.

ఏమీ రాలేదు. పాప నోరు మాత్రం తెరిచే ఉంది.

ఇంకో చెంచా పెట్టింది.

“ఏడుస్తవనుకున్న,” అంది భూమిక.

“నేను సుత అనుకున్న.”

“సంతోషం అయితలేదా?”

“తెల్వది. అడుగుతున్నది, పెడుతున్న.”

భూమిక పాప గడ్డం తుడిచింది. “నీ గురించి ఎవరికన్నా చూపియ్యరాదే సింధూ? పాపకు కాదు, నీకు. డాక్టర్‌కు,” అంది.

“పోయి ఏం చెప్పాలె? ఏం లేదని చెప్పాలెనా?”

“అదే చెప్పు. ఏం లేదని. వాళ్ళకు సమజైతది.”

సింధూజ ఇంకో చెంచా తీసింది. పాప ఆరేడు చెంచాల తర్వాత పెదాలు బిగించి ముఖం తిప్పేసింది. ఈసారి అది వద్దని. సింధూజ వెంటనే ఆపింది. పాప ఒకటి చెప్పడం, తనకది అర్థం కావడం ఇదే మొదటిసారని, గిన్నె కడుగుతుండగా తట్టింది.

*

హాస్టల్ గేటు దగ్గర ఆరోన్ స్కూటర్ మీద ఎదురుచూస్తున్నాడు. సంచీలో నిద్రపోతున్న పాప మీదికి వంగాడు. గౌను మెడ దగ్గర పసుప్పచ్చటి మరక కనపడింది. వేలితో తడిమాడు.

“ఏం పెట్టావు?”

“గుమ్మడికాయ.”

“తినిందా?”

“తిన్నది.”

అతను స్కూటర్ తిప్పాడు. ఆర్ట్స్ కాలేజీ దాటారు. రోడ్డు పక్కన పోటీ పరీక్షల పిల్లలు చెట్లకింద పుస్తకాల్లో తలలు దూర్చుకుని ఉన్నారు.

“అమ్మకి తెలిస్తే రేపటి ప్రార్థన...” అని ఆగాడు. మళ్ళీ అన్నాడు. “నువ్వేం చెప్పకు సింధూ. నేను చూసుకుంటాను.”

అతను ఏదైనా చూసుకుంటానని అన్నది ఈ మధ్య గుర్తులేదు. సింధూజ అతని వీపు వైపు చూసింది. మంచి వీపే. దానిమీద ఏమీ రాసి లేదు.

ఇంట్లో రేపటి పని సగం అయిపోయింది. భూదేవి వెండి గిన్నె తోమి బోర్లించింది. ఉంగరం దారం కట్టి గిన్నె మీద పెట్టింది. విజయకుమారి హాల్లో కుర్చీలు వరసగా వేసి, ఒక్కొక్క దాంట్లో కూర్చుని, పాస్టరుగారికి ఏది బాగుంటుందో చూస్తోంది.

“రావే నా బంగారు తల్లీ,” అంటూ లేచి పాపను అందుకుంది. ముద్దుపెట్టుకోబోయి ఆగింది. గౌను మెడను దగ్గరగా పట్టుకుని చూసింది. వాసన చూసింది.

“ఇదేంటి?”

“గుమ్మడికాయ,” అంది విజయకుమారి తనకు తనే. “రేపు ప్రార్థన పెట్టుకుని, ఇవాళ ఎంగిలి చేసేశారా? ఎవరు పెట్టారు?”

భూదేవి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. “నేను కాదు వదినా! ఈసారి నిజంగ నేను కాదు. ఒట్టు.”

“నేనే అమ్మా,” అన్నాడు ఆరోన్.

అందరూ అతనివైపు తిరిగారు.

“హాస్టల్ గేటు బయట. భూమికావాళ్ళు ఏదో ఉడకబెట్టారు. పాప అదే పనిగా చూస్తుంటే నోట్లో పెట్టాను. ఊరికే. నాకు తెలియలేదు.”

విజయకుమారి కొడుకును చూసింది. ఆమె ముఖంలో గట్టిగా బిగిసి ఉన్నదేదో ఒక్కొక్క ముడీ వదులైంది. “తండ్రివి. నీకు మాత్రం ఆత్రం ఉండదా ఏంటి?” అంది. “పోనీలే. దేవుడు తండ్రి చేత్తోనే పెట్టించాడనుకుంటాను.”

“తండ్రి పెడితే ఏమైతది?” అంది భూదేవి కూడా. “దివాకర్‌కు నేను చెప్పుకుంట. రేపు రెండోది పెడతడు. అల్లుడికి సుత ప్రేమ ఉన్నదని తెల్వాలె గద.” నవ్వింది. విజయకుమారి కూడా నవ్వింది. ఆరోన్ చెవులు ఎర్రబడ్డాయి. అతను సింధూజ వైపు ఒక చిన్న చూపు చూశాడు, గండం గట్టెక్కించానన్నట్టు.

ఇల్లు చల్లబడింది. ఇంకెవరూ ఏమీ అడగరు. రేపు పాస్టరుగారు వస్తారు, దివాకర్ పెడతాడు, సింధూజ ఫోటోలు తీస్తుంది. ఎల్లుండి బాపట్ల. ఒక్క మాట అనకపోతే చాలు. మాట అనకపోవడం ఆమెకిప్పుడు కొత్త పనేం కాదు.

సింధూజ చెప్పులు విడుస్తూ అలాగే ఆగిపోయింది. చేతులు వెచ్చబడ్డాయి. చెవుల్లో హోరుగా ఉంది. జ్వరమేమో అనుకుంది ముందు. జ్వరం కాదు. చాలాకాలం క్రితం తెలిసిందే, పేరు గుర్తురావడానికి కాస్త టైము పట్టింది.

కోపం. రాగిపిండి కలిపిన తల్లి మీద రాలేదు. బిస్కెట్ కలిపిన అత్తగారి మీదా రాలేదు. ఎవరినీ నొప్పించకుండా, తన చేతిలోంచి చెంచా తీసుకుని జేబులో వేసుకున్న ఈ మంచి మనిషి మీద వచ్చింది.

“ఆరోన్ పెట్టలె,” అంది.

భూదేవి నవ్వు సగంలో ఆగింది.

“నేను పెట్టిన. భూమిక రూముల. గుమ్మడికాయ నేను కొన్న, నేను ఉడకబెట్టిన, నేను పెట్టిన. మొదలు ఊంచింది. తర్వాత మింగింది. రేపు సుత నేనే పెడత. సోమవారం పాప యాడికి పోదు.”

“సింధూ,” అన్నాడు ఆరోన్ మెల్లగా.

విజయకుమారి కోడలి వైపు చూడలేదు. కొడుకునే చూస్తోంది. తరగతిలో అందరికంటే బుద్ధిమంతుడు కాపీ కొడుతూ దొరికినప్పుడు చూసే చూపు.

“నాకు అబద్ధం చెప్పావా ఆరోనూ?”

“అది కాదమ్మా, గొడవెందుకని...”

“దేవుడి పేరు కూడా ఎత్తించావు నాచేత.”

ఆమె పాపను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది. పాప నిద్రలేచి, పెదవి విరిచి, సన్నగా రాగం మొదలుపెట్టింది.

“పాలు కలపాలె. ఆకలికొచ్చింది,” అంది సింధూజ. “పాపనియ్యండి అత్తమ్మా.”

“నేను కలుపుతాను.”

“నేను కలుపుత. కొలత ప్రకారం. ఇయ్యండి.”

“ఆరోనూ, నువ్వు చెప్పు,” అంది విజయకుమారి. “పాప ఏడుస్తుంటే చూస్తూ కూర్చునే మనిషి చేతిలో పెట్టమంటావా? ఈసారి నిజం చెప్పు.”

ఆరోన్ నేలవైపు చూశాడు. భూదేవి అల్లుడి వైపు చూసింది.

సింధూజ అతని జవాబు కోసం ఆగలేదు. రెండడుగులు ముందుకేసి, పాప చంకల కింద తన రెండు చేతులూ పెట్టింది. అక్కడ విజయకుమారి వేళ్ళు ముందే ఉన్నాయి. ముసలివైనా గట్టివి, వేడిగా ఉన్నాయి. ఆ వేడి సింధూజకు తెలిసింది.

లాగితే పాపకు నొప్పి. అందుకని ఇద్దరిలో ఎవరూ లాగలేదు.

ఎవరూ వదలనూ లేదు.